నడుముకు కట్టిన తువాలు



పోయిన తపస్సుకాలంలో ఒక ఆదివారం నాడు ప్రసంగం మధ్యలో నాకు కోపం వచ్చింది. గుడిలో చివరి వరుస వెనుక ముగ్గురు కుర్రాళ్లు తెల్లటి కరాటే దుస్తుల మీద చొక్కాలు తొడుక్కుని నిలబడి ఉన్నారు. దివ్యసత్ప్రసాదం పంచడం పూర్తి కాకముందే వాళ్లు మెల్లగా జారుకోవడం అంతకుముందు రెండు వారాలుగా నేను గమనిస్తూనే ఉన్నాను. ఆ రోజు ఉండబట్టలేక, బెల్టు కోసం బలిపూజను సగంలో విడిచిపెట్టేవారు ఆ బెల్టు కట్టుకుని ఎక్కడికి పోతారో ఆలోచించుకోవాలని గట్టిగానే అన్నాను. జనమంతా వెనక్కి తిరిగి చూశారు. కుర్రాళ్లు తలలు వంచుకున్నారు.

సాయంత్రం వారిలో ఒకడి తల్లి నా దగ్గరకు వచ్చింది. "మీరన్నది మావాణ్ణే కదండీ ఫాదర్ గారూ. తప్పు అన్నారని నేననను. కానీ నలుగురిలో అనకుండా పిలిచి అడిగి ఉంటే బాగుండేదండి" అంది. సోదరుడు తప్పు చేస్తే ముందు అతనొక్కడి దగ్గరకే వెళ్లి చెప్పమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు బోధించారు. ఆ భాగం మీద నేను పాతికేళ్లుగా ప్రసంగాలు చెబుతున్నాను. ఆమె ప్రసంగమేమీ చెప్పలేదు. నా తప్పు నాకు చెప్పడానికి ఒక్కతే వచ్చింది, చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు కుర్రాణ్ణి పిలిపించాను. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పేరు రాయను. మిగతాదంతా రాయడానికి తాను ఒప్పుకున్నాడు. క్షమించండి ఫాదర్ గారూ అంటాడేమోనని నేను ఎదురుచూస్తుంటే, వాడే ఒక ఫిర్యాదు పట్టుకొచ్చాడు.

"నేను బ్లాక్ బెల్టు పరీక్షకు ఎప్పుడో సిద్ధమైపోయానండి. మా మాస్టారు మూడు నెలల నుంచి నన్ను చిన్నపిల్లల దగ్గర నిలబెట్టేశారండి. వాళ్లకి బెల్టులు కట్టడం, ఒకటీ రెండూ లెక్కపెట్టడం, వాళ్లు గుద్దుతుంటే ప్యాడ్ పట్టుకోవడం, ఇదే పని. ఆదివారం పొద్దున్న కూడా వాళ్ల క్లాసేనండి. నాతోపాటు మొదలెట్టినోళ్లు వేరే ఊళ్లలో బ్లాక్ బెల్టు తీసేసుకున్నారు. మీరొకసారి మాస్టారితో చెప్పండి."

చెబుదామనే వెళ్లాను. సాయంత్రం వేళ, కొబ్బరి చెట్ల పక్కన బడి ఆటస్థలం. తొమ్మిది మంది చిన్నపిల్లలు వరుసగా ఉన్నారు. ఎనిమిదేళ్లుంటాయేమో, ఒక పాప గుద్దే ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసేసుకుంటోంది. మనవాడు ప్యాడ్‌ను తన గుండె ఎత్తులో పట్టుకుని ఎటో చూస్తున్నాడు. పాపకు ఆ ఎత్తు అందడం లేదు. అందకపోయేసరికి ఏడుపు ముఖం పెట్టింది. మాస్టారు మన మతస్థుడు కాడు, మర్యాదస్థుడు. నేను వచ్చిన పని చెప్పకముందే ఆయనకు అర్థమైపోయింది. "వీడికి దెబ్బ కొట్టడం వచ్చండి. ఎదుటి మనిషిని చూడ్డం ఇంకా రాలేదండి. అది వచ్చేక పరీక్షకి పంపుతానండి" అన్నాడు. ఇక నేను చెప్పడానికేముంది, టీ తాగి వచ్చేశాను.

తిరిగి వస్తుంటే నాకు దసరా రాత్రి గుర్తుకు వచ్చింది. అమలాపురం వాళ్లకు చెప్పనక్కరలేదు. ఇతర విచారణల పాఠకుల కోసం చెబుతున్నాను. విజయదశమి నాడు మా ఊరి వీధుల్లో చెడీ తాలింఖానా జరుగుతుంది. తాలీం అంటే శిక్షణ, ఖానా అంటే చోటు. సాము నేర్చుకునే చోటుకు ఉన్న పేరు క్రమంగా ఆ ప్రదర్శనకే పేరైంది. 1856లో అబ్బిరెడ్డి రామదాసు గారు మహిపాల వీధిలో దీనికి శ్రీకారం చుట్టారని ఊరు చెప్పుకుంటుంది. వీధుల వాళ్లు తమ తమ వాహనాలతో ఊరేగింపుగా వస్తారు. వాటి ముందు కర్రసాము, కత్తిసాము. పండుగ మనది కాదు. అయినా ఇతర మతాలలో ఉన్న సత్యాన్ని, పవిత్రతను శ్రీసభ తోసిపుచ్చదని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ప్రకటించింది కనుక, ఒక విచారణ గురువు ఎవరింటి అరుగు మీదనో నిలబడి చూస్తే తప్పు లేదనుకుంటాను.

అందులో ఒక అంశం దగ్గర జనం ఊపిరి బిగబడతారు. ఒకడు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అతని ఒంటి మీద కొబ్బరికాయో, ఏదైనా కూరగాయో పెడతారు. కళ్లకు గంతలు కట్టుకున్న మరొకడు కత్తి తిప్పుకుంటూ వచ్చి దాన్ని రెండు చెక్కలు చేస్తాడు. ఈలలు, చప్పట్లు కత్తి పట్టినవాడికే. నేనూ ఎప్పుడూ అటే చూసేవాణ్ణి. ఒక్కసారి మాత్రం పడుకున్నవాడి ముఖం చూశాను. అతనికి గంతలు లేవు. కత్తి వస్తున్నది అతనికి కనబడుతూనే ఉంది. కదలకూడదు. కదిలితే గాయం ఇద్దరికీ తగులుతుంది, ఒకరికి ఒంటి మీద, మరొకరికి బతికినంత కాలం మనసులో. ఆ విద్య నేర్చుకోవడానికి కత్తి పట్టినవాడు ఎన్ని ఏళ్లు కష్టపడ్డాడో గాని, అతన్ని నమ్మి ఎవడో ఒకడు పడుకోకపోతే ఆ ఏళ్లన్నీ గాలిలో తిప్పిన కత్తే కదా!

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఇదే ప్రశ్నకు జవాబు బట్టీ పట్టాను, కానీ అర్థం చేసుకోలేదు. ధైర్యమనే సుగుణానికి ముఖ్యమైన కార్యం ఏది, మీదికి దూకడమా, ఓర్చుకుని నిలవడమా? నిలవడమేనని పునీత తోమాసు అక్వినాసు వారు తమ సుమ్మాలో తేల్చారు. మీదికి దూకేవాడు తానే బలవంతుణ్ణనుకుని దూకుతాడు. నిలిచేవాడు తనకంటే బలమైనదాని ఎదుట నిలుస్తాడు. దూకడం ఒక్క ఊపులో అయిపోతుంది, నిలకడకు కాలం పడుతుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఈ మాట నాకు బోధపడింది తాలింఖానా నేల మీద.

మరోసారి కుర్రాడు వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. జపానులో జిగొరో కానో అనే ఉపాధ్యాయుడు 1882లో జూడో పాఠశాల తెరిచాడనీ, ఈ డాన్ మెట్లు మొదట పెట్టింది ఆయనేననీ, కరాటే వాళ్లు తర్వాత తెచ్చుకున్నారనీ చెబితే ఆసక్తిగా విన్నాడు. జూడోలో ఎదుటివాణ్ణి పడవేయడం కంటే ముందు పడడం నేర్పుతారు. జతగాడు పడితేనే నువ్వు నేర్చుకుంటావు, నువ్వు పడితేనే అతను. బ్లాక్ బెల్టులో మొదటి డాన్ పేరు షోదాన్, అంటే మొదలుపెట్టే మెట్టు అని. దాన్ని చివరి మెట్టనుకునేది మనం. ఎంసెట్ ర్యాంకు వచ్చిన పిల్లవాడి ఫోటో గోడకు తగిలించి, ఆ ర్యాంకుతో వాడు ఎవరికి ఉపయోగపడతాడో ఒక్కనాడూ అడగని తల్లిదండ్రులం మనమే కదా.

పునీత పౌలు కూడా సాధన గురించి మాట్లాడాడు. కొరింతు పట్టణం దగ్గర ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాడికి ఆకుల కిరీటం పెట్టేవారు, నాలుగు రోజులకు వాడిపోయేది. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయం చివర ఆయన పరుగు పందెగాడినీ, ముష్టియోధుణ్ణీ తలచుకుంటాడు. తాను గాలిని గుద్దేవాడిలా పోరాడడం లేదని, తన దేహాన్ని లొంగదీసుకుంటున్నానని అంటాడు. క్రీడాకారులకు ఈ మాటలు చాలామందిమి చెబుతాం. అదే అధ్యాయంలో కాస్త పైకి వెళ్లి 19వ వచనం చదివేవారు తక్కువ. ఎవరికీ దాసుడు కాని తాను అందరికీ దాసుణ్ణి చేసుకున్నానని అక్కడ చెప్పాడు. ఆ దాస్యం కోసమే ఈ సాధన. పై వచనం విడిచి కింది వచనం పట్టుకుంటే మిగిలేది కండలు మాత్రమే.

ఇక ర్యాంకు అడిగినవారు సువార్తలోనే ఉన్నారు. మార్కు 10వ అధ్యాయంలో జెబెదాయి కుమారులు యాకోబు, యోహాను వచ్చి, ప్రభువు మహిమలో తమకు కుడి ఎడమల చోట్లు కావాలన్నారు. ఇది విని మిగిలిన పదిమందికి కోపం వచ్చింది. వినయవంతులై కోపగించుకున్నారనుకోకండి, ఆ చోట్ల మీద వారికీ కన్నుంది! ఇక్కడ ఒక సంగతి గమనించండి. గొప్పవారు కావాలనుకోవడం తప్పని ప్రభువు అనలేదు. గొప్పవాడు కాదలచినవాడు సేవకుడు కావాలని దారి చూపించారు. నేను తాగబోయే పాత్రను మీరు తాగగలరా అని అడిగితే, గలమన్నారు అన్నదమ్ములు. ఏమడుగుతున్నారో తెలియక అన్న మాటే అది. కానీ ఆ మాట వృథా పోలేదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరిస్తే, హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించిన సంగతి ఒక్క ముక్కలో కనబడుతుంది. కుడివైపు చోటు అడిగినవాడు కత్తి కింద తల పెట్టాడు. అడిగిన రోజుకూ ఆ రోజుకూ మధ్య ఆయన ఎంత సాగవలసి వచ్చిందో లేఖనం చెప్పదు. ఒళ్లు సాగదీయడం తెలిసినవాళ్లకు కొంత ఊహకు అందుతుంది.

కత్తి అంటే పేతురు కూడా గుర్తొస్తాడు. మన పిల్లలు కొట్లాట విద్య నేర్చుకోవచ్చా అని తల్లులు నన్ను అడుగుతుంటారు. గెత్సెమనే తోటలో సాధన లేని కత్తి దూసినవాడు పేతురు. పోయింది సేవకుడి చెవి. సిలువకు ముందు ప్రభువు చివరగా స్వస్థపరచిన గాయం తన శిష్యుడు చేసినదే. నేర్చుకుంటే చెయ్యి అదుపులో ఉంటుందనే నా నమ్మకం. నేర్పించండి. అయితే క్లాసు నుంచి వచ్చిన పిల్లవాణ్ణి ఈ రోజు ఎవరిని ఓడించావని అడగకండి; ఎవరికి ప్యాడ్ పట్టావని అడగండి.

మన తెలుగులో నడుం కట్టడమంటే పనికి పూనుకోవడం. కడరాత్రి భోజనం వేళ ప్రభువు నడుముకు తువాలు కట్టుకున్నారని యోహాను 13వ అధ్యాయం చెబుతోంది. అది దేనికో మీకు తెలుసు. ఆ కడిగిన కాళ్లలో యూదా కాళ్లు కూడా ఉన్నాయి. 2017 మే నెలలో ప్రపంచ టైక్వాండో సమాఖ్య వారు వాటికన్‌లో ఫ్రాన్సిస్ పోపుగారికి గౌరవ పురస్కారంగా పదో డాన్ బ్లాక్ బెల్టు ఇచ్చారు. ఎనభై ఏళ్ల వయసులో, ఒక్క తన్నూ తన్నకుండా పదో డాన్! ఈ సంగతి చెబితే కుర్రాడు పగలబడి నవ్వాడు. ఆ బెల్టుకు నెల ముందు, పవిత్ర గురువారం నాడు, ఆ పెద్దాయన పలియానో చెరసాలలో పన్నెండుగురు ఖైదీల కాళ్లు కడిగారని చెప్పాను. 2025లో ప్రభువు సన్నిధికి చేరిన ఆయన మోకాళ్లు అప్పటికే బాధిస్తూ ఉండేవేమోనని నాకు అనిపిస్తుంది. నాకు యాభై దాటాయి, నావే మొరాయిస్తున్నాయి.

ఇదంతా విని కుర్రాడు తల ఊపాడు. ఒప్పుకున్నాడని నేననుకోలేదు. ఒప్పించడం నా చేతిలో లేదు, నా చేతిలో ఉన్న పని ఒకటుంది, అది చేశాను. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే, ఆ పీఠం దగ్గర నిలబడే, మరుసటి ఆదివారం క్షమాపణ చెప్పుకున్నాను. పూజ పూర్తిగా పాల్గొనాలన్న మాట వెనక్కి తీసుకోలేదు, అన్న తీరును తీసుకున్నాను. రెండు వాక్యాలు. వాటిని పలకడానికి నేను సాగినంత ఎప్పుడూ సాగలేదు. అప్పటి నుంచి ఆ ముగ్గురూ తెల్లవారుజాము పూజకు వస్తున్నారు. చివరి ఆశీర్వాదం దాకా ఉంటున్నారు. ఒకడు మాత్రం కూర్చుని కునుకు తీస్తాడు, అది వేరే సంగతి.

వేసవి సెలవులు అయ్యాక ఒక సాయంత్రం రోగికి సత్ప్రసాదం ఇచ్చి అటుగా వస్తూ ఆటస్థలం వైపు చూశాను. మనవాడు నేల మీద ఒక మోకాలు మోపి, ప్యాడ్‌ను పాప భుజం ఎత్తులో పట్టుకున్నాడు. ఏదో చెబుతున్నాడు, నాకు వినబడలేదు. పాప కళ్లు తెరిచే గుద్దింది. వాడు వెనక్కి పడిపోయినట్టు నటిస్తే పిల్లలంతా గోల. తర్వాత నాకు కనబడినప్పుడు, "పిల్లలకి నెమ్మదిగా చేసి చూపిస్తుంటే తెలిసిందండి, నా మొదటి గుద్దే ఇన్నేళ్లుగా తప్పండి. మణికట్టు వంగిపోతుందండి" అన్నాడు సిగ్గుపడుతూ.

మాస్టారు వచ్చే నెల పరీక్షకు పంపుతున్నారు. పోయిన శనివారం కుర్రాడు పూజ చెప్పించడానికి వచ్చాడు. పుస్తకం తీసి, "పరీక్షలో జయం కోసమని రాయనా?" అని అడిగాను.

"దానికి మా అమ్మ ఎప్పుడో రాయించేసిందండి. ఇది మా పిల్లల కోసమండి. తొమ్మిది మందండి. పేర్లు చెప్తాను, రాసుకోండి ఫాదర్ గారూ."