పిందెలో టెంక ఉందా?

తల్లి కడుపులో ఏ అవయవం ముందు పుడుతుంది? నా జవాబు ఒక్కటే: ఏదీ ఒంటరిగా పుట్టదు, పక్కదాని పిలుపుతోనే ప్రతిదీ తయారవుతుంది. బాగాయం మెడికల్ కాలేజీలో అనాటమీ క్లాసు ముగించుకుని వచ్చిన నాతో, గుడియాత్తం నుంచి వచ్చిన పెద్దనాయన దీని మీదే వాదానికి దిగాడు. బడిపంతులుగా రిటైరైనప్పటి నుంచి ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితను తాత్పర్యంతో చదువుతున్న మనిషి.

"ఈ తగువు సుశ్రుతంలోని శారీరస్థానంలోనే ఉందమ్మా. శౌనకుడు తల అన్నాడు, కృతవీర్యుడు గుండె అన్నాడు, పారాశర్యుడు బొడ్డు అన్నాడు. ధన్వంతరి అందర్నీ కాదని, అన్నీ ఒకేసారి అన్నాడు. పండిన మామిడిలో పీచు, గుజ్జు, టెంక వేరువేరుగా కనిపిస్తాయి. పిందెలోనూ ఉంటాయి గానీ కంటికి ఆనవు. పిండమూ అంతే."

"అక్కడే నాకు పేచీ, పెద్దనాయనా. చిన్నదిగా ఉందనడం వేరు, ఇంకా లేదనడం వేరు. మూడో వారం పిండంలో మూత్రపిండం చిన్నదిగా లేదు, అసలు లేదు."

"కనబడకపోతే లేనట్టేనా?"

"ఐదో వారంలో ఒక నాళం నుంచి చిన్న మొగ్గ పొడుచుకొస్తుంది. దాని పక్కన కణాల గుత్తి ఒకటి. మొగ్గ తగిలితేనే గుత్తి వడపోత గొట్టాలు కడుతుంది, గుత్తి పిలిస్తేనే మొగ్గ కొమ్మలేస్తుంది. 1950లలో క్లిఫర్డ్ గ్రోబ్‌స్టైన్ ఎలుక పిండంలో ఈ రెంటినీ విడదీసి పెంచి చూశాడు. విడిగా ఏదీ మూత్రపిండం కాలేదు, కలిపి పెడితే పని మొదలుపెట్టాయి. ముందే దాగి ఉంటే ఏ ముక్కలో దాగినట్టు?"

"సరే, అవయవం లేదు. దాని రాత జీన్లలో ఉందిగా?"

"ఉంది. కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ అదే రాత. తేడా వచ్చింది చోటును బట్టి, పొరుగును బట్టి. 1924లో ప్రచురించిన ప్రయోగంలో జర్మనీకి చెందిన హన్స్ స్పేమన్, హిల్డె మాంగోల్డ్ న్యూట్ అనే ఉభయచరపు పిండం ముక్క ఒకటి తీసి ఇంకో పిండం పొట్ట వైపు అతికించారు. అక్కడ రెండో నాడీ గొట్టం లేచింది, అదీ చాలావరకు ఆ రెండో పిండం కణాలతోనే. పొట్ట చర్మం కావలసినవి నాడులయ్యాయి."

"అయితే అతికించిన ముక్కే రాజు!"

"వినే కణాలు లేకపోతే ఏం రాజు? కాలం దాటాక అదే ముక్కను పెట్టినా అవి పలకవు."

"అదీ నిజమే," అన్నాడు.

"కాలం దాటడమంటే ఎన్నాళ్లు?"

ఈ ప్రశ్నకు నేను ఆగలేకపోయాను. వెన్నుపాము, మెదడు అయ్యే గొట్టం గర్భం నిలిచాక 28వ రోజుకల్లా మూసుకోవాలి. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారాలు. మూడో నెలలో ఆస్పత్రికొచ్చిన అమ్మాయికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఇస్తే ఆ గొట్టానికేం ఒరుగుతుంది? ఒకసారి ఆ గొట్టం మూసుకోని బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే ఇస్తే, మళ్లీ అలా జరగడం దాదాపు 70 శాతం తగ్గిందని 1991లోనే బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది. పెళ్లిపిల్లకు చీరలు కొనే ఇంట్లో రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర కొనరెందుకు?

పెద్దనాయన కాసేపాగి మాటను మళ్లీ దారిలోకి తెచ్చాడు. "గుండె 22వ రోజుకే కొట్టుకుంటుందట. కృతవీర్యుడే గెలిచాడేమో?"

"కొట్టుకునేది గదులు లేని గొట్టం. పైగా అది మొదట ఉండేది తలకు అవతల. మెదడు పెరిగి తల ముందుకు ముడుచుకుంటేనే గుండె ఛాతీ వైపు దిగుతుంది."

"ఆధారం?"

"నీ మెడలోనే ఉంది. ఊపిరాడించే డయాఫ్రం ఉండేది పక్కటెముకల కింద, దాని నాడి పుట్టేది మెడలోని 3, 4, 5 వెన్నునాడుల నుంచి. ఆ పొర మొదట మెడ దగ్గరే ఉండేది. గుండెతో పాటు కిందికి జారుతూ తన నాడిని వెంట లాక్కుపోయింది. అందుకే ఆ నాడి ఇప్పటికీ గుండె పక్కగా అంత దూరం దిగుతుంది."