భాగ్యవంతుల మఱపు



సంపన్న దేశముల ప్రజలు తమ సౌఖ్యముల విలువ నెఱుగరని మనము తఱచుగా చెప్పుకొనుచుందుము. అమెరికాలో గొట్టము త్రిప్పినంతనే త్రాగునీరు వచ్చును. ఇంగ్లండులో 1948వ సంవత్సరము మొదలు పేదవాడు సైతము వైద్యుని రుసుమునకై అప్పు చేయ నక్కఱలేకయే చికిత్స పొందుచున్నాడు. అచ్చటి బాలుడు వీనిని గాలివలె, వెలుతురువలె స్వీకరించునే గాని, ఇవి యెవరి కష్టమువలన తనదాక వచ్చెనో విచారింపడు. ఈ విమర్శలో సత్యము లేకపోలేదు. కాని పరుల దోషము నెన్నుటకు మనకున్న తీఱిక ఆత్మపరీక్షకు ఉండదు. బెజవాడ మొదలు హంసలదీవి వఱకు కాలువల నీటిచే బ్రదుకుచున్న మనము, లోకమున కంతటికి గాకపోయినను, తెలుగుసీమకు సంపన్న దేశమువారమే. అనంతపురపు మెట్టరైతు కన్నులతో చూచిన మనమే ఆ అమెరికావారము. కావున ప్రశ్నను మన యింటికే తెచ్చుకొందము. మన భాగ్యము మనకు లభించినదని యెఱిగి యున్నామా? లేక అది మన జన్మహక్కని యెంచి మఱచి యున్నామా?

ఈ నేల యెల్లప్పుడు పచ్చగా ఉండలేదు. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరుసీమను మహాక్షామము పట్టెను. ఆ జిల్లా జనములో సుమారు మూడవవంతు నశించినట్లు చరిత్రకారులు వ్రాసియున్నారు. మన పెద్దలు ఆ యేటి పేరుతోనే దానిని నందన కఱవని పిలిచిరి. ఇందు మనము గమనింపదగిన విషయ మొకటి కలదు. కృష్ణానది ఆనాడును ఇచ్చటనే యుండెను. నేల నేటి నేలయే. రైతు నేటి రైతునకు పితామహుడే. నదిలో వచ్చిన నీరు పొలమున కెక్కుటకు మార్గము లేక సముద్రమున కలిసెను. గట్టున నున్నవాడు ఆకలితో మరణించెను. లేనిది నది కాదు, పౌరుషము కాదు. లేనిది ఒక ఆనకట్ట.

ఆ ఆనకట్టను బెజవాడ కొండకును సీతానగరపు కొండకును నడుమ 1852లో ఆరంభించి 1855లో ముగించిరి. పని నడిపిన యధికారి కెప్టెన్ చార్లెస్ ఆర్. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన కాటను దొర పేరు మన బిడ్డలు సైతము చెప్పగలరు. ఆర్ దొర పేరు మనలో నెందఱు చెప్పగలరు? ఆయన పేరైనను గ్రంథములలో మిగిలినది. రాళ్లు కొట్టి మోసినవారి పేర్లు, గంపలతో మన్నెత్తి కాలువలు త్రవ్విన స్త్రీపురుషుల పేర్లు ఏ శిలాశాసనమునను లేవు. 1952లో ఆ పాత కట్టకు గండి పడగా, 1954లో క్రొత్త బ్యారేజికి పని మొదలిడి 1957లో పూర్తిచేసిరి. అదియే నేటి ప్రకాశము బ్యారేజి. దాని క్రింద సుమారు 13 లక్షల యెకరములు సాగగుచున్నవి.

ఎగువకు దృష్టి సారింపుడు. మన కాలువలకు వేళకు నీరందుటకు తోడ్పడుచున్న నాగార్జునసాగరమునకు 1955లో పునాది వేసిరి; 1967లో దాని కాలువలకు నీరు వదలిరి. అంతకు పైన శ్రీశైలము జలాశయము నిండుటకై కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు వంద గ్రామములు మునిగెను. 1981లో అచ్చటి జనులను ఇండ్లనుండి వెడలగొట్టి, ఆ యిండ్లను పడగొట్టిరి. వారి పొలములు, గుడులు, శ్మశానములు నీటి యడుగున నున్నవి. ఆ నీరే కొండల నడుమ దీపముల కాధారమైన విద్యుత్తును పుట్టించి, దిగి వచ్చి, మన సార్వా నాట్లను తడుపుచున్నది. 2015వ సంవత్సరము మొదలు పట్టిసీమకడ నెత్తిపోసిన గోదావరి నీరుకూడ మనకు వచ్చుచున్నది. కావున మన పళ్లెములోని అన్నపు ముద్దలో పూర్వుల చెమటయు, ఎగువవారి కన్నీరును, పొరుగునది పాలును కలిసియున్నవి. ఇది యలంకారముగా చెప్పిన మాట కాదు. లెక్కవ్రాసి చూపదగిన ఋణము.

ఇచట నొకరు ఆక్షేపింపవచ్చును: “మా తాతలు ఊరక కూర్చుండలేదు. తుమ్మలు నఱికి, చవుడు మాన్పి, రాత్రులు తూములకడ కాపుండి ఈ భూములను పండించిరి. మా పిల్లలు రేయింబవళ్లు చదివి విదేశములకు వెళ్లిరి. ఇది మా కష్టఫలము కాదా?” నిజమే, ఆ కష్టమును తక్కువచేయుట అన్యాయము. కాని అనంతపురమున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని వేరుసెనగ విత్తు రైతు అంతకంటె తక్కువ కష్టపడుచున్నాడా? అతడును తెల్లవాఱకముందే లేచుచున్నాడు. అతని భార్యయు ఎండలో వంగి కలుపు తీయుచున్నది. ఇరువురి చెమట యొక్కటియే, ఫలము వేఱు. ఆ భేదము చెమటలో లేదు, కాలువలో నున్నది. కాలువను నీవు త్రవ్వలేదు. దాని గట్టున బుట్టితివి. నీ కష్టము నీదే, కాని నీ కష్టము ఫలించుటకు వలసిన తావు నీకు దయతో నీయబడినది. ఈ రెంటిని వేఱుపఱచి తెలిసికొనుటయే వివేకము.

అయినను మఱపంతయు పాపమని నేను చెప్పను. ఊపిరి తీయు ప్రతిక్షణము గాలిని స్తుతింపవలెనన్న నెవడును పనిచేయజాలడు. తల్లి వండిన అన్నమును బిడ్డ లెక్కలు విచారింపక తినును. అది కృతఘ్నత గాదు, నిశ్చింత. తమ బిడ్డలు కఱవనుమాట నెఱుగకుండవలెనని కాదా మన పెద్దలు పాటుపడినది? కావున సుఖములో కొంత మఱపు సహజము. అది దోషమగు స్థలములు మూడు కలవు. భాగ్యవంతుడు తనకు లేని లేమిని ఎదుటివాని తప్పిదముగా నెంచునప్పుడు మఱపు గర్వమగును. ఉచితముగా వచ్చినదని వృథాచేయునప్పుడు అది దుర్వ్యయమగును. తనకు దానముగా వచ్చినదానిని ఇతరునికి రాకుండ నడ్డగించునప్పుడు అది దౌర్జన్యమగును.

మొదటిదానికి సాక్ష్యము మన సంభాషణములే. “మెట్టవారు సోమరులు”, “కూలివారికి పొదుపు తెలియదు” అను మాటలు మన యరుగులమీద ఎన్నిమాఱులు వినబడలేదు? రెండవదానికి సాక్ష్యము మన బోదెలే. పై భాగమునందలి రైతు వంతు మీఱి నీరు పెట్టి, మిగిలినది మురుగుకాలువలోనికి వదలుచుండగా, నాగాయలంక, కోడూరు వైపు శివారు భూముల రైతు కాలువ యడుగును చూచుచు కూర్చుండును. ఇరువురు నొకే కాలువ బిడ్డలు. ఒకనికి పుట్టినచోటు పైన, ఒకనికి క్రింద. మన భూములనేకము నేడు కౌలురైతులు దున్నుచున్నారను సంగతికూడ ఇచ్చటనే తలంపవలెను. భూస్వామి హైదరాబాదుననో, అమెరికాలోనో యుండును. కౌలు తప్పక చేరును. తుపాను వచ్చి పంట పోయిన నష్టము దున్నినవానిది. కౌలు పుచ్చుకొను చేతికి ఆ మడిలో దిగినవాని కాళ్లు కనబడవు. సంపన్న దేశపు మఱపును, మన మఱపును కలిసికొను చోటిదియే.

మూడవదానికి సాక్ష్యము చెప్పుటకు నోరాడదు, అయినను చెప్పవలెను. పశ్చిమ డెల్టా కొసనున్న కారంచేడు గ్రామమున 1985వ సంవత్సరము జూలై 17వ తేదీని దళితులపై దాడి జరిగి ఆఱుగురు చంపబడిరి. వివాదమెచ్చట పుట్టినది? మంచినీటి చెఱువు దగ్గఱ. మాదిగపల్లెవారు త్రాగు నీటిని పశువుల కడుగుటచే మలినము చేయుచుండగా వలదన్నందులకు ఆగ్రహము పుట్టెను. సోదరులారా, ఎడారిలో గుక్కెడు నీటికై మనుష్యులు కొట్లాడుకొనిరన్న అర్థము చేసికొనవచ్చును. ఇది ఎడారి గాదు, కాలువల దేశము. నీరు కొఱతపడి ఆ రక్తము పాఱలేదు. నీరు తనదే యని, త్రాగువాని దాహము తన దయకు లోబడినదని తలచిన మనస్సు వలన పాఱెను. భాగ్యమును హక్కుగా నెంచు మఱపు ఎంతదూరము పోగలదో ఆ చెఱువుగట్టు చెప్పుచున్నది.

భగవంతుడు మనకు హెచ్చరిక లీయకపోలేదు. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణములను గొనిపోయెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి బెజవాడలో సింగునగరము మొదలగు పేటలు మునిగెను. అదే వేళ ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వఱద వచ్చెను. మేడలపై నున్నవారు చుట్టు నీటిని చూచుచు త్రాగునీటికై పడవలకు, హెలికాప్టరులకు, డ్రోనులకు చేతులు చాపిరి. ధనికుడును, పనిమనిషియు ఒక్క సీసా నీటికై ఒకే పడవవంక చూచిరి. ఆ దినములలో నీటి విలువ నెవరును ఎవరికిని బోధింప నక్కఱలేకపోయెను. కాని భయము నేర్పిన పాఠము భయముతోడనే పోవును. వఱద తీసినపిదప మిగులునది బురద. జ్ఞానము మిగులవలెనన్న దానిని మనమే నిలుపుకొనవలెను.

నిలుపుకొనుట యెట్లు? నదికి పసుపుకుంకుమలు వేసి హారతిచ్చినంత మాత్రమున కృతజ్ఞత తీఱదు. నది మన హారతి నడుగలేదు. దాని పని క్రిందికి ప్రవహించుట. ప్రవహింపనిచ్చుటయే మన కృతజ్ఞత. పై మడివాడు తన వంతు కాగానే తూము మూసి, శివారువాని మడి తడిసినదా యని విచారించుట కృతజ్ఞత. పంట పోయిన యేట కౌలు తగ్గించుట కృతజ్ఞత. దానికి దయ యని పేరు పెట్టకుడు, అది న్యాయము. ఊరి నీరు ఏ పల్లెవాని కుండకును అడ్డులేకుండ చూచుట కృతజ్ఞత. మునిగిన గ్రామముల బిడ్డలును, మెట్టసీమ బిడ్డలును చదువుకై మన పట్టణములకు వచ్చినప్పుడు వారిని యాచకులవలె గాక ఋణదాతలవలె చూచుట కృతజ్ఞత. భోజనవేళ మన బిడ్డలకు నందన కఱవు కథను, కాలువ కథను చెప్పుట కృతజ్ఞత. విదేశమున నున్న మన బిడ్డలకు ఆ కథను వ్రాసి పంపుటయు కృతజ్ఞతయే; వారు అచ్చట గొట్టము త్రిప్పినప్పుడు ఆ నీటి వెనుక నెవరి శ్రమ కలదో తలచుకొందురు గాక.

దయామయా, పరమేశ్వరా! మేము విత్తని చోట మాకు పంట నిచ్చితివి. మేము త్రవ్వని కాలువలో మాకు నీరు పాఱించితివి. ఇచ్చిన వానిని తీసివేసి మాకు బుద్ధి చెప్పకుము. ఉన్నప్పుడే తెలిసికొను వివేక మిమ్ము. మా గట్టున ఆగిన నీటిని మా క్రిందివాని మడికి వదలు చేతుల నిమ్ము. ఎవని దాహమును మా గుమ్మమునుండి తిరిగిపోకుండ మా హృదయములను తెఱచి యుంచుము.