కడుపునొప్పికి సాక్షి ఎవరు?

సుఖదుఃఖాలు ఆత్మకు చెందిన గుణాలనీ, వాటిని ఎవరి మనస్సు వారికే ప్రత్యక్షంగా తెలుపుతుందనీ, ఎదుటివాడి దుఃఖం మాత్రం మూలుగు, ముడుచుకున్న ముఖం వంటి గుర్తులను బట్టి అనుమానించి తెలుసుకోవలసిందేననీ న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల మతం. అనుమానం అంటే ఇక్కడ సందేహం కాదు, కనబడే గుర్తును పట్టుకొని కనబడనిదాన్ని నిశ్చయించే ప్రమాణం. గుర్తే సరిగా లేనప్పుడు ఏం చేయాలన్నది అసలు చిక్కు. బాల్యంలో కీళ్లవాతం మొదలై యౌవనానికి వచ్చినవారి కడుపునొప్పిలో ఆ చిక్కు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పదహారేళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు తగ్గకుండా ఉండి, వేరే కారణం దొరకని కీళ్ల వాపును వైద్యులు బాల్య కీళ్లవాతం అంటారు. వాచిన మోకాలు కంటికి కనబడుతుంది, చేయి వేస్తే వేడి తగులుతుంది. కడుపునొప్పికి అటువంటి సాక్ష్యం ఏదీ ఉండదు. పైగా ఆంధ్రప్రదేశ్‌లోని కొమరోలు, గిద్దలూరు వైపు కీళ్లనొప్పి అనగానే నోటికి వచ్చే మాట నీళ్లు. ఆ మాట ఉత్తది కాదు: మన దేశంలో నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలను వంచే ఫ్లోరోసిస్ గురించి 1937లో వెలువడిన తొలి పరిశోధన నాటి నెల్లూరు జిల్లాకు సంబంధించినదే, ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలూ, కర్నూలు జిల్లాలోని గిద్దలూరు, మార్కాపురాలూ 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి, ఆ జిల్లాకే తరువాత ప్రకాశం అని పేరు పెట్టారు. అయితే కీళ్లనొప్పి ఫ్లోరైడు వల్లా రావచ్చు, వాతం వల్లా రావచ్చు. ఇలా రెండు చోట్లా కనబడే గుర్తును తర్కశాస్త్రం సవ్యభిచారం అంటుంది, అంటే నిలకడ లేని హేతువు. ఫ్లోరైడు ఎక్కువైన నీళ్లు కడుపులో వికారం, నొప్పి కూడా పుట్టించగలవు గనుక, ఈ ప్రాంతంలో నొప్పినంతా నీళ్లకే అంటగట్టే పొరపాటు మరీ తేలిక.

కడుపునొప్పికి కారణాలు ఒకటి రెండు కావు. ఏళ్ల తరబడి మింగే డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ వంటి నొప్పి మాత్రలు జీర్ణాశయపు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను అణచివేసి పుండు పుట్టించగలవు. స్నాయువులు ఎముకను అంటే చోట మంట పుట్టించే రకపు కీళ్లవాతంలో పేగుల వాపు కూడా తోడు కావచ్చు, ఒక్కోసారి పేగు జబ్బు బయటపడకముందే కీళ్లు వాచి జబ్బును ముందుగా చాటవచ్చు. మన దేశంలో పేగుల క్షయ అచ్చం ఆ వాపులాగే కనబడుతుందన్న సంగతీ మరవరాదు. పరీక్షలన్నీ సవ్యంగా వచ్చినా నొప్పి మిగిలిపోయేవారు ఉంటారు. చిన్ననాటి నుంచి నొప్పికి అలవాటు పడిన నాడులు చిన్న కదలికనూ పెద్ద బాధగా మోయవచ్చు. దీన్ని 'గ్యాసు' అని తేల్చేయడం మందుల దుకాణానికి సుఖమే గాని, రోగికి కాదు.

కడుపుకూ కీళ్లకూ గల ఈ బంధుత్వం పాతవారికి కొత్త కాదు. అరగని ఆహారపు రసమైన ఆమం వాతంతో కలిసి కీళ్లలో చేరుతుందని మాధవనిదానం ఆమవాతాన్ని వర్ణిస్తూ, ముదిరిన దశలో కడుపు గట్టిపడి శూల వస్తుందని కూడా చెబుతుంది. ఆమవాతమే నేటి బాల్య కీళ్లవాతమని అనలేము గాని, కీలును చూసేవాడు కడుపును అడగకుండా వదలని ఆ పద్ధతి గమనించదగింది.

ఇక మెథోట్రెక్సేట్ సంగతి. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకొనే ఈ మందు కొందరికి వికారం తెస్తుంది. కొన్నాళ్లకు మందు లోపలికి పోకముందే, మాత్రను చూడగానే, వేసుకొనే రోజు రాగానే కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఇంట్లోవారు దీన్ని నటన అంటారు. పుల్లని పండును కన్ను చూస్తే నాలుక ఊరుతుందన్న అనుభవాన్ని న్యాయసూత్రాల మూడవ అధ్యాయం ఆత్మ ఉనికికే నిదర్శనంగా తీసుకుంది: చూసినదీ, రుచిని తలచుకొన్నదీ ఒక్కరే గనుక నాలుకలో ఆ మార్పు పుడుతుంది. ఆ లెక్కన మాత్రను చూసి తిరిగిన కడుపు కల్ల కాదు, మునుపటి అనుభవం మిగిల్చిన ముద్ర, అంటే సంస్కారం, చేసిన పని.

ఈ రోగుల మాటకు విలువ ఎంత? విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పగోరేవాడు ఆప్తుడని చెప్పిన న్యాయసూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు, ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనన్నాడు. రోగి ఎందుకు నొస్తుందో ఎరగకపోవచ్చు, పుండా క్షయా అన్నది అతడు తేల్చలేడు. నొస్తుందన్నంత వరకు అతనికన్నా ఆప్తుడు లేడు. ఇక్కడ పూర్వజన్మ పాపమని ముగించేవారికి చరకుడి సంహితలోని విమానస్థానమే అడ్డు వస్తుంది: దైవం అంటే వెనుకటి దేహంలో చేసిన పనేననీ, అది బలహీనమైనదైతే ఈ జన్మలోని పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, దాన్ని అణచగలదనీ అక్కడ చెప్పాడు.

ఆప్తుణ్ణి మాట్లాడనివ్వడమే కష్టమైన పని. మూడేళ్ల వయసు నుంచి తల్లి పక్కన కూర్చొని వైద్యం పొందిన కుర్రవాడికి ఇరవై ఏళ్లు వచ్చాక కూడా, నొప్పి తిన్నాక వస్తుందా, తినకముందా, నిద్రలో లేపుతుందా, మలంలో నెత్తురు పడుతుందా అని డాక్టరు అడిగితే జవాబు తల్లి నోటి నుంచే వస్తుంది. ఆమెకు ఉన్నది అనుమానం, కొడుకుకు ఉన్నది ప్రత్యక్షం. అతడు మాత్రం తలవంచుకొని గోడ వైపు చూస్తూ ఉంటాడు.