మనదైన ఆ ఒక్క గంట

కాలో చెయ్యో విరిగి ఇంట్లో కూర్చున్న ఆడదానికి రెండురకాల సానుభూతి దొరుకుతుంది. "అయ్యో, మరి ఇంటిపనెలా?" అన్నది మొదటిది. "పోనీలెండి, ఈ వంకనైనా కాస్త విశ్రాంతి" అన్నది రెండోది. రెండూ ప్రేమతో అన్న మాటలే. కాని రోజూ తెల్లవారుఝామున ఆవిడ నడిచే నడకో, వేసే ఆసనాలో ఏమయ్యాయని మాత్రం ఎవరికీ తట్టదు. వంట ఆగితే ఇల్లంతా గమనిస్తుంది. నడక ఆగితే, ఆగిన సంగతి ఆవిడకొక్కదానికే తెలుస్తుంది.

మా పెద్దక్క ఇరవయ్యేళ్ళు నడిచింది. అయిదున్నరకల్లా కాలనీ పార్కులో ఉండేది. వానొస్తే గొడుగుతో, ఇంటికి చుట్టాలొస్తే చుట్టాలు లేవకముందే. అలాంటి మనిషి స్నానాలగదిలో జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. ఆరువారాలు పిండికట్టు. కట్టు విప్పాక చూస్తే ఆ పిక్క రెండోదానికంటే సన్నబడి, ఎవరిదో కాలు తెచ్చి అతికించినట్టుంది. వాడని కండ కరిగిపోవటానికి వారాలు చాలు, తిరిగి రావటానికి నెలలు కావాలి. పైగా మోకాళ్ళు అప్పటికే అరిగివున్నాయి, గట్టినేలమీద గంటలకొద్దీ నడక ఇంక వద్దన్నారు డాక్టరుగారు.

"నడకే లేకపోతే నేనేమిటే?" అంది అక్క.

చిన్నమాటగా వినిపిస్తుంది గాని, ఆలోచిస్తే చాలా పెద్ద ప్రశ్న. మనం ఏళ్ళతరబడి చేసే పని మనలో భాగమైపోతుంది. అది పోయినప్పుడు మనలో ఎంత పోయినట్టు? పాతదాన్నే పట్టుకు వేళ్ళాడటం నిష్ఠా, మొండితనమా? ఇంకోదానికి మారటం వివేకమా, ఓటమా?

మనకి బాగా నచ్చే కథలు నిష్ఠవైపే ఉంటాయి. 1981లో ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్, జైపూర్ కాలుతో అభ్యాసం చేసి 1984లో మళ్ళీ నాట్యవేదిక ఎక్కింది. సింగీతం శ్రీనివాసరావుగారు ఆ కథనే 'మయూరి'గా తీస్తే అందులో ఆవిడే నటించింది. ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకోని ఇల్లాలు ఉండి ఉండదు. పోయిందనుకున్నది తిరిగి దక్కటం కంటే తీయని ముగింపు ఏముంటుంది?

రెండోరకం కథ కూడా ఒకటుంది. అరుణిమా సిన్హా వాలీబాల్ ఆడే అమ్మాయి. 2011లో దొంగలు నడుస్తున్న రైల్లోంచి తోసేస్తే ఎడమకాలు పోయింది. ఆ పిల్ల మళ్ళీ వాలీబాల్ కోర్టు వెతుక్కోలేదు, కొండలు వెతుక్కుంది. 2013 మే 21న కృత్రిమ కాలుతో ఎవరెస్టు శిఖరంమీద నిలబడింది.

ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి కనిపిస్తుంది. యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకి అక్కడ లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టరు వైద్యం చేసేవాడు. నాజీల జర్మనీ నుంచి తప్పించుకొచ్చినవాడాయన. ఇలాంటి రోగుల్ని మంచంమీద పడుకోబెట్టి జాలిపడటమే వైద్యమనుకునే రోజుల్లో ఆయన వాళ్ళ చేతికి ఆటలిచ్చాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్సు మొదలైన రోజునే, చక్రాల కుర్చీల్లో కూర్చున్న పదహారుమంది ఆ ఆస్పత్రి ఆవరణలో విలువిద్య పోటీలో పాల్గొన్నారు. వాళ్ళలో ఇద్దరు స్త్రీలు. నేటి పారాలింపిక్సుకి బీజం అదే. కాళ్ళు పరిగెత్తలేకపోతే చేతులు బాణం వెయ్యగలవు గదా అన్నది ఎంత మామూలు ఆలోచన! ఆ మామూలు ఆలోచన రావటానికి, పోయినదాని మీదినుంచి చూపు తిప్పుకోగల మనిషి కావలసివచ్చింది.

అయితే నాకు ఈ వీరగాథలతో ఒక చిక్కుంది. ఎవరెస్టు ఎక్కినవాళ్ళని చూపించి, మోకాలు నొప్పితో మేడమెట్లు ఎక్కలేనివాళ్ళని సిగ్గుపడమనటం న్యాయం కాదు. మా అక్కకి శిఖరాలక్కర్లేదు. పొద్దున పూట ఒక గంట కావాలి. ఆ గంటలో ఆవిడ ఎవరికీ అమ్మ కాదు, కోడలు కాదు, టిఫిను చేసి పెట్టే మనిషి కాదు. ఆవిడ ఇరవయ్యేళ్ళు కాపాడుకున్నది నడకని కాదనీ, ఆ గంటననీ నాకనిపిస్తుంది. నడక దానికొక రూపం, అంతే. విరిగింది రూపం. దానితోపాటు గంటని కూడా వదిలేస్తే, ఇల్లు దాన్ని క్షణంలో మింగేస్తుంది. మళ్ళీ తెచ్చుకోవటం కండ పెంచుకున్నంత సులువు కూడా కాదు.

"ఇంటిపని చాలదా వ్యాయామానికి?" అంటారు. ఇంటిపని శ్రమే, కాదనను. కాని అది ఇంటికి కావలసినట్టు ఒళ్ళు వంచటం. వ్యాయామమంటే ఒంటికి కావలసినట్టు మనం వంగటం. వెయ్యి చపాతీలు వత్తినా మోకాలికి ఆసరా ఇచ్చే తొడకండ గట్టిపడదు.

అక్క చివరికి ఈతకొలనుకి వెళ్ళింది, డాక్టరుగారిని అడిగే. నడుములోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళమీద పడేది మన బరువులో సుమారు సగమే. ఛాతీలోతుకి వెళితే మూడోవంతుకి తగ్గుతుంది. ఆవిడకి కష్టమైంది నీళ్ళు కాదు, నేర్చుకోవటం. యాభైరెండేళ్ళ మనిషి, ముగ్గురు పిల్లలకి అక్షరాలు దిద్దించిన మనిషి, ఏడేళ్ళ పిల్లల పక్కన గట్టు పట్టుకుని కాళ్ళు కొట్టాలి! "ముక్కు మూసుకోకూడదు ఆంటీ, నీళ్ళలోకి గాలి వదలాలి" అని ఒక బుడుగు పాఠం చెప్పాడట. "సరే గురువుగారూ" అందట అక్క.

మన వయసువాళ్ళకి అసలు పరీక్ష అక్కడే. నలభై దాటాక మనం అన్నీ తెలిసినవాళ్ళ స్థానంలో కుదురుకుంటాం. ఏమీ రానివాళ్ళ వరసలో మళ్ళీ నిలబడటానికి కావలసింది ఒంటిబలం కాదు, అహం కాస్త పక్కన పెట్టగలగటం. దెబ్బ ఆ అవకాశమిస్తుందని దాన్ని పొగడను. దెబ్బ దెబ్బే. పార్కు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా అక్క మొహం ఈనాటికీ కాస్త చిన్నబోతుంది. కొత్తది పాతదాన్ని చెరిపెయ్యదు, చెరిపెయ్యనక్కర్లేదు కూడా. పోయినదానికి బాధపడుతూనే ఉన్నదానితో పని మొదలుపెట్టవచ్చు. రెండింటికీ మనసులో చోటుంది.

కనక, నిష్ఠా ఓటమా అన్న తగాదాకి నా తీర్పు ఇది: తిరిగి దక్కేదైతే దానికోసం ప్రయత్నించటం నిష్ఠే. దక్కదని తేలాక, ఏ విలువకోసం దాన్ని ప్రేమించామో ఆ విలువని ఇంకోచోట నిలబెట్టటం కూడా నిష్ఠే. కాళ్ళు చాపుకుని గంటని కూడా పోనివ్వటమే ఓటమి.

ఈసారి కట్టుతో కూర్చున్న ఇరుగమ్మనో పొరుగమ్మనో చూడటానికి వెళ్ళినప్పుడు, "వంటెవరు చేస్తున్నారు?" అని అడిగేముందు, "పొద్దున్న మీ గంట ఏం చేస్తున్నారండీ?" అని అడిగి చూడండి. బహుశా ఆ మాట ఆవిడని అడిగిన మొదటి మనిషి మీరే అవుతారు.