చప్పట్లు న్యాయం కావు

చదువుల కోసం, కొలువుల కోసం మన్యం దిగి మలికిపురం చేరిన కోయ, కొండరెడ్డి పిల్లలం మేము. ఆదివారాలు ఒక గదిలో కూర్చుని పుస్తకం చదువుకుంటాం. ఈమధ్య చదివింది సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన ఇంగ్లీషు నవల 'ది హంగర్ గేమ్స్'. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు చదివి చెబితే తక్కినవాళ్లం విన్నాం.

కథ రాబోయే కాలానిది. కాపిటల్ అనే నగరం, దాని కింద పన్నెండు జిల్లాలు. ఒకరు బొగ్గు తవ్వుతారు, ఒకరు పంట పండిస్తారు, అనుభవించేది నగరం. ఒకప్పుడు తిరగబడ్డందుకు శిక్షగా, ఏటా ప్రతి జిల్లా 12 నుంచి 18 ఏళ్ల లోపు అబ్బాయిని, అమ్మాయిని ఒక్కొక్కరిని పంపాలి. ఆ 24 మంది ఒకరినొకరు చంపుకోవాలి. అందరూ దాన్ని టీవీలో చూడాలి.

కథానాయిక కాట్నిస్‌ది ఒక దుంప మొక్క పేరు. కంచె దాటి వేటాడటం అక్కడ నేరం. అయినా ఆమె విల్లు పట్టి అడవికి వెళ్లి ఇంటికి తిండి తెస్తుంది. ఇది మనకు కొత్త కథ కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం తరవాత మన తాతలు తమ అడవిలోనే దొంగలయ్యారు. 1922లో మన్యం అల్లూరి వెంట నడవడానికి ఆ బాధ కూడా ఒక కారణం. మనకు జరిగింది అన్యాయమని చట్టంలో రాయడానికి 2006 దాకా పట్టింది.

మమ్మల్ని ఆపేసిన ఘట్టం వేరే ఉంది. చావుకు పంపే ముందు ఆ పిల్లలను వాళ్ల జిల్లా పనికి తగ్గ వేషాలతో అలంకరించి ఊరేగిస్తారు. జనం చప్పట్లు కొడతారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దల సభలకు స్వాగతం పలకడానికి కొమ్ములు పెట్టి, డోలు కట్టి నిలబెట్టిన మన మామలు, అన్నలు గుర్తొచ్చారు. భూమి పండగకు ఆడితే అది మన ఆట. ఊరు ఖాళీ చేయిస్తున్నవారి ముందు ఆడితే అది ఎవరి ఆట?

మాలో ఒకరు అడ్డు చెప్పారు: "ఆ నగరం వాళ్లు రాక్షసులేం కాదు కదా, ఆ పిల్లల కోసం ఏడ్చారు కూడా." నిజమే. అసలు ప్రశ్న అక్కడే ఉంది. జాలిపడటం మంచితనమేనా?

ఇది ఇతరుల మీద వేసే ప్రశ్న మాత్రమే కాదు. ఇక్కడ మేం తినే అన్నం 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటితో పండింది. ఆ నీటికి ఇంకా భరోసా ఇస్తుందని చెప్పే పోలవరం కోసం దేవీపట్నం వైపు మనవాళ్ల ఊళ్లు ఖాళీ అయ్యాయి. మరి మేం ఏ జిల్లా? కోనసీమ వాళ్లూ ఒట్టి కాపిటల్ కాదు. 1995 జనవరి 8న దగ్గరలోని పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. గ్యాస్ దూరం పోతుంది, మంట ఊళ్లో మిగులుతుంది. ఒకే మనిషి ఒకచోట జిల్లా, మరోచోట నగరం.

అందుకే మేం ఒక కొలత పెట్టుకున్నాం. చూసి ఏడ్చినవాడు తనది ఏమైనా వదులుకున్నాడా? వదులుకోకపోతే ఆ ఏడుపు కూడా వినోదంలో భాగమే. తన సుఖంలో కొంత, తన సమయంలో కొంత, తన మౌనాన్ని కొంత వదులుకుంటేనే అది న్యాయం వైపు వేసిన అడుగు.

టీచర్లకు ఒక మనవి. పిల్లలను ఆటకు పిలిచినప్పుడు, ఎవరి ముందు, ఎందుకు ఆడుతున్నారో ముందుగా వాళ్లకు చెప్పండి. వద్దనే హక్కు ఉందనీ చెప్పండి. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈసారి ఎవరైనా డోలు తెమ్మంటే తీసుకెళ్దాం. దానితోపాటు ఊరి పట్టాల అర్జీ కూడా తీసుకెళ్దాం. అర్జీ చదివాకే డోలు మోగిద్దాం.