రోగికి నోరు లేదా?

ఉద్దానంలోని ఒక పల్లెలో ఆదివారం పూజ ముగిశాక ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు. జీడితోటల్లో కూలి చేసి పిల్లల్ని పెంచిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాని నిండా ఆస్పత్రి కాగితాలు. “ఇందులో ఏటి రాసారో కాస్త సదివి సెప్పండి, ఫాదరు బాబూ” అన్నాడు. వెనుక నిలబడిన కొడుకు చెప్పవద్దని కళ్ళతోనే సైగ చేశాడు. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూడగానే సంగతి నాకు అర్థమయింది. “మందులు సరిగా వాడు పెద్దయ్యా, ప్రార్థన చేద్దాం” అని తప్పించుకున్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. కాని ఆయన అడిగిన నిజమూ లేదు.

ప్రియ పాఠకులారా, ఒక మనిషి ఒంట్లోని జబ్బును గురించిన నిజం ఎవరి సొత్తు? వైద్యునిదా, కొడుకుదా, రోగిదా?

కొడుకును తప్పుపట్టడం తేలిక. “తెలిస్తే గుండె చెదిరిపోతాడు” అన్న భయం ప్రేమలోంచే పుట్టింది. అయితే ఆ ప్రేమ ఏం చేసిందో చూడండి. మోకాళ్ళ నొప్పులకు ఆ పెద్దాయన మందుల కొట్లో కొనుక్కున్న బిళ్ళలు నెలల తరబడి మింగుతూనే ఉన్నాడు. “ఏమైనా మందులు వాడుతున్నావా?” అని డాక్టరు అడిగితే “ఏటీ లేవు బాబూ” అన్నాడు. ఆయన దృష్టిలో నొప్పి బిళ్ళ మందే కాదు. ఆ బిళ్ళలే జబ్బు తెచ్చాయని నేను అనను. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలను దశాబ్దాలుగా పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి, ఎన్ని పరిశోధనలు జరిగినా, కారణం ఇదీ అని ఖచ్చితంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో పరిశోధనా కేంద్రం, ఆస్పత్రి వెలిశాయి. కాని దెబ్బతిన్న మూత్రపిండాలకు అలాంటి నొప్పి మాత్రలు మరింత చేటు చేస్తాయన్నది వైద్యులందరూ ఎరిగినదే. తన జబ్బేమిటో తెలియని మనిషి దేన్ని మానుకోవాలో ఎలా తెలుసుకుంటాడు?

“అంత సదువుకున్న బాబుని మనం ఏటని అడుగుతాం?” అనే మాట మన పల్లెల్లో తరచు వింటాం. ఇది వినయమా? ఈ ప్రశ్న కొత్తది కాదు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ‘శాసనాలు’ అనే గ్రంథంలో రెండు రకాల వైద్యులను వర్ణించాడు. బానిసలకు వైద్యం చేసేవాడు రోగి మాట వినడు, కారణం చెప్పడు, ఆజ్ఞాపించి మరొకరి దగ్గరకు పరుగెత్తుతాడు. స్వతంత్రులకు వైద్యం చేసేవాడు రోగితోనూ అతని వారితోనూ మాట్లాడతాడు, రోగి దగ్గర తానూ నేర్చుకుంటాడు, ఒప్పించిన తర్వాతే మందు ఇస్తాడు. మందు అదే కావచ్చు. కాని ఒకచోట రోగి వస్తువు, మరోచోట మనిషి. పునీత తోమాసు అక్వినాసు నేర్చుకునే గుణాన్ని వివేకంలో ఒక భాగమన్నారు. పెద్దల మాట వినడమంటే నోరు మూసుకోవడం కాదు. అర్థం కానిది అడగని శిష్యుడు ఏమీ నేర్చుకోలేడు.

సువిశేషంలో గ్రుడ్డి బర్తిమయి సంగతి మీకు తెలిసినదే. అతనికేం కావాలో ప్రభువుకు తెలియదా? అయినా, నీకు ఏమి చేయాలని కోరుతున్నావని అతన్నే అడిగాడు. 1957 నవంబరులో పన్నెండవ పయస్ పోపుగారు కూడా వైద్యులతో ఈ మాటే చెప్పారు: రోగిపై వైద్యునికి వేరే హక్కంటూ లేదు, రోగి ఇచ్చిన అనుమతి మేరకే అతడు పని చేయాలి. 2008 జనవరిలో మన సుప్రీంకోర్టు కూడా ఇలాగే తీర్పు చెప్పింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన ఒక మహిళకు, తల్లి అంగీకారం మాత్రం తీసుకుని గర్భసంచి తొలగించిన కేసు అది. ప్రాణం మీదికి వచ్చిన సమయం కానప్పుడు, తెలివిలోకి వచ్చాక రోగినే అడగాలి గాని, తల్లి ఒప్పుకోలు చాలదని న్యాయస్థానం చెప్పింది.

హక్కులు ఇంకా ఉన్నాయి. ప్రమాదంలో ఉన్నవానికి ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు అని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డుల నకలు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమం చెబుతోంది. మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవడమూ మీ హక్కే.

అయితే హక్కు పక్కనే బాధ్యత ఉంటుంది. ప్రభుత్వాస్పత్రి ఓపీలో మీ వెనుక పొడవాటి వరుస ఉంటుంది. సిద్ధపడి వెళ్ళడం ఆ వరుసలోని పొరుగువానికి మీరు చేసే న్యాయం. పాత చీటీలు, రిపోర్టులు తేదీల వారీగా పెట్టుకోండి. వాడుతున్న ప్రతి మాత్ర అట్టనూ, నాటుమందునూ వెంట తీసుకెళ్ళండి. జబ్బు ఎప్పుడు మొదలైందో, ఏది తింటే పెరుగుతోందో పిల్లలచేత కాగితంపై రాయించండి. మూడు ప్రశ్నలు తప్పక అడగండి: నా జబ్బేమిటి? ఈ మందు దేనికి? ఏది మానాలి? విన్నది మీ మాటల్లో తిరిగి డాక్టరుకు చెప్పండి. తప్పుగా అర్థమైతే అక్కడే దిద్దుతారు.

మరి తెలుసుకోవడం ఇష్టం లేని రోగి మాటేమిటి? తెలుసుకోవడం హక్కే గాని శిక్ష కాదు. అందుకే ముందు అతన్నే అడగాలి. మరుసటి వారం నేను ఆ ఇంటికి వెళ్ళి, కొడుకు ఎదుటే, “పెద్దయ్యా, నీ జబ్బు సంగతి నువ్వే వింటావా, అబ్బాయికి వదిలేస్తావా?” అన్నాను. ఆయన నా వైపు చూసి, “ఆ రోజే అడిగినాను గదా బాబూ. మీరే సెప్పలేదు” అన్నాడు.

తల దించుకుని చెప్పాను. ఆయన కంట తడి పెట్టాడు. కాసేపటికి లేచి, గూట్లోంచి నొప్పి బిళ్ళల అట్ట తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. నిజం ఆయన గుండెను చెదరగొట్టలేదు. ఆ వారం రోజులూ ఆయనకు దక్కకుండా చేసింది నా మౌనమే. మీ ఇంట్లోనూ ఇలా అడుగుతున్న వారెవరైనా ఉంటే, దయచేసి నాలా తప్పించుకోకండి.