నీళ్లిచ్చే బండి

1995 జనవరి 17, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలు. జపాన్‌లోని కోబె నగరం భూకంపానికి కుప్పకూలింది. ఆరు వేల మందికి పైగా చనిపోయారు. బతికిన వాళ్లలో విదేశీయులకు ఇంకో కష్టం వచ్చిపడింది: ప్రకటనలు అర్థం కాలేదు. 'క్యూసుయిషా' వస్తుందంటే ఏమిటో తెలియదు. అదే 'నీళ్లిచ్చే బండి' అంటే, నాలుగు ముక్కల జపనీస్ వచ్చినవాడు కూడా బిందె పట్టుకుని బయల్దేరతాడు!

హిరోసాకి విశ్వవిద్యాలయంలోని భాషావేత్తలు పట్టుకున్న కిటుకు ఇదే. చిన్న వాక్యాలు, వాడుక మాటలు. దానికి 'యసషీ నిహోంగో', అంటే తేలిక జపనీస్ అని పేరు. ఇప్పుడు చాలా పురపాలికలు చెత్త ఏ రోజు వేయాలో, బడిలో పిల్లల్ని ఎలా చేర్చాలో ఇందులో కూడా చెబుతున్నాయి. అన్ని భాషల్లోకీ అనువాదం చేయించడం ఏ ఊరికి సాధ్యం? ఈ తేలిక మాటలు స్థానిక వృద్ధులకూ సుఖమే.

విదేశీయులకు అర్థమయ్యేలా చెప్పడమే కాదు, వాళ్ల మాట వినడమూ ముఖ్యమే. కవాసాకి నగరం 1996లో అందుకోసం విదేశీ నివాసుల ప్రతినిధులతో ఒక సభే పెట్టింది.

మీ పిల్లలు జపాన్‌లో ఉంటే, ఈ రోజు ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి: వాళ్ల పురపాలక ఆఫీసులో తేలిక జపనీస్ కరపత్రం ఉందేమో అడిగి తెచ్చుకోమనండి.